12 ఏళ్ళ పిల్లాడికి రెడ్ కార్డా?

 

ఈ వారం ధర్మసందేహం ఎవరో పంపింది కాదండీ, మా ఇంట్లో పుట్టిందే.

మేము డాలస్ దగ్గర ఉంటాం. శనివారం పొద్దున్నే మాలో సగం మంది మడత కుర్చీలు వేసుకుని సాకర్ గ్రౌండ్ పక్కనే ఉంటాం. పోయిన నెల మ్యాచ్‌లో మావాడు, 12 ఏళ్ళవాడు, బంతి పోయిందన్న ఉక్రోషంతో అవతలి పిల్లాడి వెనకనుంచి జారుకుంటూ వెళ్ళి రెండు కాళ్ళతో తన్నాడు. ఆ పిల్లాడు చీలమండ పట్టుకుని పడిపోయాడు. రిఫరీ రెడ్ కార్డ్ తీశాడు.

ఆ రిఫరీకి మహా అయితే 16 ఏళ్ళుంటాయి. ఇక్కడ పిల్లల మ్యాచ్‌లకి చాలాచోట్ల హైస్కూలు పిల్లలే రిఫరీలు. నేను లైను దగ్గరికి పరుగెత్తి, "కావాలని చేయలేదు, చిన్నపిల్లాడు!" అని అరిచాను. ఆ కుర్రాడి చెయ్యి వణికింది. కార్డు మాత్రం దించలేదు.

ఇంటికొచ్చాక మాండవ్యుడు గుర్తొచ్చాడు. ఆదిపర్వంలో కథ, చాలామందికి తెలిసిందే. ముని మౌనవ్రతంలో ఉండగా దొంగలు ఆయన ఆశ్రమంలో సొమ్ము దాచారు. రాజభటులు ఆయన్నీ దొంగే అనుకున్నారు, శూలానికి ఎక్కించారు. తర్వాత ఆయన యమధర్మరాజుని నిలదీశాడు, నేనేం పాపం చేశానని. చిన్నప్పుడు పురుగుల్ని పుల్లతో గుచ్చావు, దాని ఫలం ఇది అన్నాడు యముడు. అంత చిన్న తప్పుకి ఇంత శిక్షా అని ముని శపించాడు. ఆ శాపం వల్లే యముడు విదురుడిగా పుట్టాడు. 14 ఏళ్ళ లోపు చేసింది పాపం కాదని హద్దు పెట్టిందీ ఆ మునే.

ఇంకేం, నాకు కావలసిన వకీలు దొరికేశాడు! మావాడికి 12 కదా.

రాత్రి నిద్ర పట్టక మళ్ళీ ఆలోచించాను. మాండవ్యుడి ఫిర్యాదు శిక్ష ఉందని కాదు, తప్పుకి మించి ఉందని. పైగా ఎంత ఆలస్యంగా వచ్చింది! ఆ పుల్ల పట్టుకున్న రోజునే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని ఆపి ఉంటే? అమ్మో, నాన్నో? ఆ రోజు పక్కన ఎవరున్నారో కథ చెప్పదు.

సాకర్ 12వ నియమం తీసి చదివాను. కాలు అడ్డం పెట్టినా, తన్నినా, అక్కడ "కావాలని చేశాడా" అన్న ప్రశ్నే లేదు. అజాగ్రత్త అయితే ఫ్రీ కిక్. ఎదుటివాడికి ఏమవుతుందో లెక్కచేయకపోతే పసుపు కార్డు. వాడికి ప్రమాదం తెచ్చేంత మితిమీరిన బలం వాడితే ఎరుపు. అపచారమైతే క్షమించాలి గానీ, మాండవ్యుడి విషయంలో యముడి దగ్గర లేని కొలత ఇదే అనిపించింది. కార్డు అక్కడికక్కడే పడుతుంది, ఒకట్రెండు మ్యాచ్‌లతో తీరిపోతుంది. పైలోకం దాకా ఖాతా మోసుకెళ్ళక్కర్లేదు. అది మావాణ్ణి పాపి అనలేదు, ఆపింది, అంతే. అవతలి పిల్లాడి కాలు మాత్రం మావాడి మనసులో ఏముందో అడక్కుండానే వాచింది.

పిల్లలకి తెలియని ప్రమాదమైతే అది పెద్దవాళ్ళ బాధ్యత, ఒప్పుకుంటాను. 10 ఏళ్ళు, అంతకన్నా చిన్నవాళ్ళు బంతిని తలతో కొట్టకూడదని ఈ దేశపు సాకర్ సమాఖ్య 2015లో ప్రకటించింది అందుకే. కానీ వెనకనుంచి తన్నితే నొప్పేస్తుందని 12 ఏళ్ళవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

మర్నాడు వాడికి కథంతా చెప్పాను. "అయితే యముడికి కూడా రెడ్ కార్డ్ పడిందా డాడీ?" అన్నాడు. నవ్వాపుకోలేకపోయాను. తర్వాతి మ్యాచ్ వాడు బయట కూర్చున్నాడు, నేను నోరెత్తలేదు. వాళ్ళమ్మ ఫోన్ కలిపిస్తే ఆ పిల్లాడికి సారీ చెప్పాడు.

ఇక నా సంగతి. నాకు 14 దాటి చాలా కాలమైంది, ముని పెట్టిన హద్దు నాకు వర్తించదు. మొన్న శనివారం ఆ రిఫరీ కుర్రాడి కోసం గ్రౌండంతా వెతికాను. వేరే అమ్మాయి వచ్చింది. ఈ శనివారం మళ్ళీ చూస్తాను.