కువైట్ వలసలో దైవం, పురుషకారం

మనిషి పుట్టిన దేశం విడిచి పరదేశం పోవడం అతని ఇచ్ఛవల్ల జరుగుతుందా, ఇచ్ఛకు మించినదానివల్లనా అన్న ప్రశ్నకు రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచీ కోనసీమ గ్రామాల నుంచీ కువైట్ వెళ్ళినవారిలో చాలామంది చెప్పే జవాబు తలరాత. దీన్ని అమాయకత్వమని తోసిపుచ్చడం తేలికే గాని, దైవం బలీయమా, పురుషకారం, అంటే మనిషి స్వయంగా చేసే ప్రయత్నం, బలీయమా అన్న పురాతన వివాదం ఆ మాట వెనుక ఉంది.

యోగవాసిష్ఠం ఈ వివాదంలో ప్రయత్నం పక్షాన నిలిచి, దైవమనేది వేరే ఏదీ లేదనీ, మనిషి వెనుక చేసిన కర్మే ఫలమై ఎదురైనప్పుడు దానికి ఆ పేరు పెడుతున్నారనీ వాదిస్తుంది. వెనుకటి కర్మే దైవమన్నంత వరకు ఈ వాదం నిలుస్తుంది. ఆ కర్మ అనుభవించేవానిదే అన్నచోట కువైట్ విషయంలో నిలవదు. జపాన్ సాగు ముత్యాల పోటీకి కువైట్ ముత్యాల వ్యాపారం కూలడం, 1938లో బుర్గాన్ వద్ద చమురు పడడం, 1946లో దాని ఎగుమతి మొదలై 1973 తరువాత ధర ఒక్కసారిగా పెరగడం, ఇటు రాయలసీమలో వానను నమ్ముకున్న సేద్యానికి నీటి ఆసరా అందకపోవడం, ఇవన్నీ మనుషుల చేతలే అయినా, వీటిలో ఏదీ విమానమెక్కిన కూలీ చేసినది కాదు. ప్రయాణపు దిశ కూడా ఎప్పుడూ ఇటునుంచి అటే కాదు: కువైట్ నావికులే ఓడల్లో మలబారు తీరానికి కలప కోసం వచ్చిన కాలం ఒకటుంది. 1961 దాకా కువైట్‌లో చెల్లినది భారతదేశం జారీచేసిన రూపాయే.

తుఫానులో ఓడను కాపాడుకోవడానికి సరుకును సముద్రంలో పారవేసే నావికుని పనిని అరిస్టాటిల్ మిశ్రమ కర్మగా, అంటే ఆ క్షణంలో ఎంచుకున్నదే అయినా మామూలు వేళ ఎవరూ ఎంచుకోనిదిగా, వివరించాడు. కన్నబిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలి, పరాయి బిడ్డలను సాకడానికి వెళ్ళిన తల్లి నిర్ణయం ఈ కోవలోనిదే. ఆమె ఇష్టపడే వెళ్ళిందనడం అబద్ధం కాదు గాని, కఫాలా పద్ధతి ఆ నిజాన్ని మోయలేనంత దూరం సాగదీస్తుంది. నివాస అనుమతి పత్రమైన అకామాను పనిలో పెట్టుకున్న కఫీల్‌తో ముడివేసే ఈ పద్ధతిలో, అతని సమ్మతి లేకుండా ఇల్లు దాటిన పనిమనిషి మీద పారిపోయినట్టు ఫిర్యాదు పడవచ్చు. ఒకనాడు పెట్టిన సంతకాన్ని ఆ తరువాతి ప్రతి దినానికీ ఆమె సమ్మతిగా లెక్కగట్టడం న్యాయశాస్త్రానికి సులువు, నీతిశాస్త్రానికి కాదు.

ఇక మతం సంగతి. బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పాతకాలలో చేర్చింది. ఇస్లాం మాత్రం క్రీ.శ. 622 నాటి హిజ్రాతో, అంటే ప్రవక్త మక్కా విడిచి మదీనా చేరడంతో, తన శకాన్నే మొదలుపెట్టింది. మొదటిది వెళ్ళేవాని దోషం గురించే మాట్లాడగా, రెండవదానిలో చేర్చుకునేవారి ధర్మం కూడా ఉంది. వచ్చినవారికి ఇల్లూ ఆస్తీ పంచిన మదీనా వాసులను అన్సార్లని, అంటే సహాయకులని, గౌరవించారు. కడప సీమ నుంచి వెళ్ళినవారిలో ముస్లింలు కూడా గణనీయంగా ఉన్నందున, ఆ ఆదర్శం కఫీల్‌కూ పనివానికీ ఉమ్మడి సొత్తు. ఆ ఆదర్శానికి చట్టం కొంతవరకే చేరువైంది: కువైట్ 2015లో చేసిన 68వ చట్టం ఇంటి పనివారికి వారానికో రోజు సెలవునిచ్చి, రోజు పనిని 12 గంటలకు మించనీయరాదనీ, పాస్‌పోర్టు లాగేసుకోరాదనీ చెప్పింది; కఫాలాను మాత్రం రద్దు చేయలేదు.