ఓర్చుకోగలను కాబట్టి...

రెండోసారి అబ్లేషన్ చేయించుకోవాలా? మొదటిసారి పుపుస సిరల చుట్టూ కాల్చిన మచ్చల్లో సందులు పడ్డాయట. గుండె మళ్లీ లయ తప్పుతోంది. "మందులతో నెట్టుకురాలేవా?" అన్నారాయన. రాగలను. ఇన్నేళ్లుగా చేస్తున్నది అదేగా!

మొదటిసారి అబ్లేషన్‌కి వచ్చిన వాళ్లతో 2,204 మందిపై జరిగిన కబానా అధ్యయనం 2019లో వెలువడింది. మందులకన్నా అబ్లేషన్ మరణాల్నీ పక్షవాతాన్నీ తగ్గిస్తుందని అది తేల్చలేకపోయింది. రోజువారీ బతుకు మాత్రం మెరుగైంది. అంటే నేను గట్టిగా చెప్పగల కారణం ఒక్కటే, నా సుఖం. ప్రాణం కోసమంటే ఎవరూ కాదనరు. ఆయాసపడకుండా మెట్లెక్కడానికి, రాత్రి నిద్రపట్టడానికి ఇంత ఖర్చా? అడగడానికి నాకే సిగ్గేసింది. ఈ బాధే ఆయనకొస్తే "ఓర్చుకోండి" అనేదాన్నా?

రెండోసారైనా నయమవుతుందన్న హామీ లేదు. రక్తస్రావం, గుండెకు చిల్లు పడటం అరుదే అయినా ఉన్నాయి. రక్తం పలచబరిచే మాత్రలు ఆ తర్వాతా తప్పకపోవచ్చు. వీటిని తూచి వద్దనుకుంటే అది నా నిర్ణయం. ఓర్చుకోగలను కాబట్టి వద్దనుకుంటే, అది నా పెంపకం చేసిన నిర్ణయం.

ఇంకా సంతకం పెట్టలేదు. డాక్టరుకు చెప్పాల్సిన కారణాల్లో మొదటిది మాత్రం రాసుకున్నాను: నాకు హాయిగా ఉండాలని ఉంది.