రాత్రివేళ సరిదిద్దిన అతుకు

బిడ్డ చేసిన పని సరిగా కుదరనప్పుడు, బిడ్డ నిద్రించిన పిమ్మట తండ్రి లేచి దానిని రహస్యముగా బాగుచేసి, తెల్లవారిన తరువాత "నీ పని ఎంత చక్కగా వచ్చినదో చూచితివా!" అని మెచ్చుకొనవచ్చునా? చదువరీ, తొందరపడి ఉత్తరమియ్యకుము. బిడ్డ వేసిన ముగ్గులో ఒక చుక్క తప్పినను, నోటుపుస్తకమునకు వేసిన అట్ట వంకరగా నున్నను, తల్లియో తండ్రియో చాటుగా సవరించినచో దానికొరకు ఎవరును నిద్ర మానుకొననక్కరలేదు. అయితే ఆ పని మీదనే ఆ బిడ్డ ప్రాణము ఆధారపడియున్న యెడల ఏమందుము? అప్పుడు చాటుగా సవరించుట తండ్రి ధర్మమగునా, లేక అప్పుడే అది మరింత తప్పగునా? ఈ ప్రశ్నను గాలిలో నిలిపి వాదించుట కంటె, అది నిజముగా పుట్టు చోటికి పోయి చూచుట మేలు.

ఇంగ్లండు దేశములో పాత స్పోర్ట్సు కారును కొని, ఇంటి ప్రక్కనున్న షెడ్డులో పెట్టి, తండ్రియో తల్లియో యౌవనప్రాయములోనున్న బిడ్డతో కలిసి దానిని పూర్తిగా విప్పి, బాగుచేసి, మరల రోడ్డు మీదికి తెచ్చు వాడుక కలదు. అక్కడ కారు నడుపుటకు 17 ఏండ్లు నిండవలెను. కాబట్టి 15వ యేట పని మొదలుపెట్టినవారికి రెండేండ్ల గడువుండును. చేతికి పనియు, కంటికి ఆశయు నుండును. ఇట్టివారు ఎన్నుకొను కార్లలో ఎం.జి.బి. యొకటి. అది 1962 మొదలుకొని 1980 వరకు ఆబింగ్డన్ అను ఊరి ఫ్యాక్టరీలో తయారయ్యెను. మొత్తము 5 లక్షలకు పైగా చేసిరి. వాటిలో ఎక్కువ భాగము ఓడలెక్కి అమెరికాకు పోయెను. నాలుగు సిలిండర్ల ఇంజను, 1,798 సి.సి. పరిమాణము, దానిలో దాగిన మర్మమేమియు లేదు. 1980లో ఫ్యాక్టరీ మూతపడినను, 1988లో పాత అచ్చులతోనే ఆ కారుకు క్రొత్త బాడీలు చేయుట మొదలుపెట్టిరి. విడిభాగములు నేటికిని దొరకును. పానా పట్టుట నేర్చిన పిల్లకు ఆ కారు అర్థమగును.

ఇంజను కాదు అక్కడి చిక్కు, తుప్పు. లారీకి క్రింద వేరుగా ఛాసిస్ యుండునని మనమెరుగుదుము. ఎం.జి.బి.కి అట్టిది లేదు. బాడీయే దాని బలము. పైకప్పు లేని కారు గనుక ఆ బలములో పెద్ద పాలు తలుపుల గుమ్మముల క్రింద ముందునుండి వెనుకకు సాగిన రెండు పెట్టెల వంటి దూలములలో నున్నది. వాటిని సిల్ అందురు. రేకు పొరలు కొన్ని కలిపి అతికిన పెట్టె యది. చక్రములు చిమ్మిన బురదనీరు దాని లోపలికి చేరి నిలిచి, లోపలినుండి తినివేయును. బయట రంగు మెరయుచునే యుండును. అనుభవమున్నవారు దానిని ఎట్లు కనుగొందురనగా, జాకీతో కారును ప్రక్కనుండి లేపి తలుపు తీసి చూతురు. తలుపు సందు ఇరుకై, తలుపు పట్టుకొన్నదా, ఆ దూలములో పస లేదు. కారు నడుమ విరుగుచున్నదన్న మాట.

దీనికి మందు రెండు విధములు. పుచ్చిన రేకును మంచి రేకు వచ్చు వరకు కోసివేసి, క్రొత్త రేకును వెల్డింగుతో అతుకుట ఒకటి. అది నెలల పని. లప్పము పూసి, నునుపుచేసి, రంగు కొట్టుట రెండవది. అది శనివారపు పని. మన ఊళ్లలోని టింకరులకును ఈ రెండు దారులు బాగుగా తెలియును. ఏ దారి ఏ గిరాకీకో కూడ తెలియును! ఒకప్పుడు బ్రిటనులో ఏటేట జరుగు పరీక్షలో పరీక్షకుడు సుత్తితో తట్టి చూచి ఇట్టి మోసమును పట్టుకొనెడివాడు. 2018 మే నెల నుండి, 40 ఏండ్లు దాటి, పెద్ద మార్పులు చేయబడని కార్లకు ఆ పరీక్ష తప్పనిసరి కాదు. కారును సురక్షితముగా నుంచు బాధ్యత మాత్రము యజమానిదే. కాబట్టి ఆ షెడ్డులో నేడు తండ్రి కన్నే పరీక్షకుని కన్ను.

ఇప్పుడొక తండ్రిని, అతని 16 ఏండ్ల కుమార్తెను తలంచుకొనుడి. ఆమె కొన్ని వారములు పనికిరాని రేకుల మీద వెల్డింగు అభ్యసించినది. ఈ సాయంకాలము మొదటిసారి సిల్ మీద స్వయముగా అతుకు వేసి, గ్రైండరుతో చదునుచేసి, చేయి పెట్టి నిమిరి చూచుకొని, ముఖమున మసితోనే ఇంటిలోనికి పరుగెత్తి తల్లికి చెప్పినది. తండ్రి వెనుక నిలిచి, దీపము పట్టుకొని క్రిందికి వంగి చూచెను. పైన లోహము ముద్దలుగా నిలిచినదే గాని వేడి చాలక లోపలి రేకులోనికి దిగలేదు. గ్రైండరు ఆ ముద్దను కూడ చెక్కివేసినది. మిగిలినది అతుకు కాదు, అతుకు పోలిక. గట్టి గుంటలో చక్రము పడిన నాడు అది విడిపోవచ్చును.

ఆ అతుకును అట్లే విడుచు తండ్రి నాకు లెక్కలోనివాడు కాడు. చాలమంది మంచి తండ్రులు చేయునది వేరొకటి. రాత్రి పదిగంటలకు షెడ్డులో దీపము వెలుగును. ఉదయమునకు అతుకు గట్టిపడియుండును. బిడ్డ ముఖము వెలుగుచునే యుండును. దీనిని నేను తేలికగా కొట్టివేయను. ఆ వయసు బిడ్డ మనసు కొత్త కుండ వంటిది. ఒక మాటకు బీటవారి, మరల షెడ్డులో అడుగు పెట్టకపోవచ్చును. బిడ్డ ప్రాణము కాపాడబడినది, సంతోషము కాపాడబడినది, ఇక నష్టపడినదెవరు?

సంఘపితరుడైన అగస్టీను అబద్ధమును గూర్చి రెండు గ్రంథములు వ్రాసెను. వాటిలో రెండవదానిలో అతడొక కఠినమైన సంగతిని ముందు పెట్టుకొనెను. ఒకడు మరణాపాయములో రోగియై పడియున్నాడు. అతని ఏకైక కుమారుడు చనిపోయినాడు. ఆ సంగతి రోగికి తెలియదు. "నా కుమారుడు క్షేమమా?" అని అతడు అడిగినప్పుడు ఏమి చెప్పవలెను? నిజము చెప్పినచో అతడే చనిపోవచ్చును. తన హృదయము ఈ సంగతిచేత కదలుచున్నదని అగస్టీను దాచలేదు. అయినను అబద్ధమాడవచ్చునని ఒప్పుకొనలేదు. సెమినరీలో ఇది చదివిన దినములలో మాలో కొందరు ఆయన రాతిగుండెవాడనిరి. నేను నేటికిని ఆ రోగి మంచము ప్రక్క నిలిచి అంత దృఢముగా పలుకగలనని చెప్పను. అయితే ఈ షెడ్డుకును ఆ మంచమునకును ఒక భేదమున్నది. ఆ రోగికి తెలిసికొని చేయవలసిన పని యేమియు మిగులలేదు. ఈ బిడ్డకు రేపు ఉదయము రెండవ ప్రక్క సిల్ అతుకవలసియున్నది.

నష్టము ఇక్కడ మొదలగును. తన చేయి వేసిన వేడి చాలునని ఆమె నమ్మినది. రేపు అదే వేడితో రెండవ అతుకు వేయును. తండ్రి మరల రాత్రి లేవవలెను. కొన్నాళ్లకు ఆమె ఒక స్నేహితురాలి కారుకు సాయము చేయబోవును. అక్కడ రాత్రి లేచు తండ్రి యుండడు. అనగా తండ్రి కాపాడినది ఆ రాత్రి ఆ ఒక్క అతుకునే గాని బిడ్డను కాదు. ఇంకొకటి కలదు. వెల్డింగు చేయువారి అతుకు చేవ్రాత వంటిది; అలవాటుపడిన కన్ను ఇది ఎవరిదో చెప్పగలదు. ఆమె చేయి తిరుగుకొలది ఆమె కన్నును తిరుగును. ఒకనాడు కారు క్రింద పడుకొని ఆ మొదటి అతుకును చూచి, ఇది నాది కాదని గ్రహించును. ఆ దినము ఆమె ఆ ఒక్క మెప్పును మాత్రమే పోగొట్టుకొనదు. చిన్ననాటి నుండి తండ్రి మెచ్చిన ప్రతి దానిని వెనుకకు తిరిగి అనుమానించును. నిజముగా బాగుగా చేసినవాటిని కూడ!

పాత కారు విషయములో ఈ చరిత్ర మాట ఊరక చెప్పినది కాదు. థేసియసు ఎక్కిన ఓడను ఏథెన్సువారు తరతరములు కాపాడుచు, పుచ్చిన పలకను తీసి క్రొత్త పలక వేయుచు వచ్చిరనియు, అది ఆ ఓడయేనా కాదా అని తత్వవేత్తలు వాదించుకొనిరనియు ప్లూటార్కు వ్రాసెను. ఈ వాదము 1990లో లండను హైకోర్టుకు ఎక్కినది! 1929, 1930 సంవత్సరములలో లె మాన్ పందెము గెలిచిన బెంట్లీ కారు, "ఓల్డ్ నంబర్ వన్" అనునది, కోటి పౌనుల బేరమునకు వచ్చెను. 1930 నాటి భాగములు దానిలో బహు కొద్దిగా మిగిలినవి గనుక ఇది ఆ కారు కాదని కొనబోయినవారు వాదించిరి. ఆ కారు ఒక రూపమునుండి మరియొక రూపమునకు మారుచు వచ్చినను నడుమ ఎక్కడను తెగిపోలేదు గనుక ఆ పేరు దానికి చెల్లునని న్యాయమూర్తి ఆటన్ తీర్పు చెప్పెను.

షెడ్డులోని ఎం.జి.బి.లో పని ముగియునప్పటికి పాత రేకు ఎంత మిగులును? సిల్‌లు క్రొత్తవి, నేల రేకులు క్రొత్తవి, చక్రముల పైని రెక్కలు క్రొత్తవి కావచ్చును. అప్పుడు ఆ కారును ఆ కారుగా నిలుపునది దాని మీద ఎవరు ఏమి చేసిరన్న తెగని వరుసయే. అందుచేతనే జాగ్రత్తగలవారు పని జరుగుచుండగా ఫోటోలు తీసి, తేదీలు వేసి భద్రపరతురు. కొనువారును మొదట ఆ ఆల్బమునే అడుగుదురు. "ఎడమ సిల్, కుమార్తె చేసినది" అని ఒక ఫోటో క్రింద వ్రాసి, దాని క్రింద తండ్రి చేసిన రాత్రి పని దాగియున్నచో, లప్పము పూసినది కారుకు కాదు గాని, పూసినమాట నిజము.

ఇది చెప్పినప్పుడు కొందరు తండ్రులు రెండవ వైపునకు పడుదురు. "అందుకే నేను పిల్లచేత సిల్ ముట్టించను, దీపము పట్టుకొమ్మందును" అందురు. రెండేండ్లు దీపము పట్టుకొన్న బిడ్డ కారు బాగుచేయలేదు, దీపము పట్టుకొన్నది. ఇట్టి షెడ్డులలో కొన్నిటిలో తండ్రి తాను 17వ యేట కోరి కొనలేకపోయిన కారును కొని, బిడ్డ పేరు చెప్పుకొని తన కోరికను తీర్చుకొనుచుండును. అందులో పాపమేమియు లేదు. అయితే అది తన ముచ్చట అని ఒప్పుకొనుట మంచిది. బిడ్డకు ఆసక్తి తగ్గినప్పుడు "నీ కొరకే చేయుచున్నాను" అను మాట అప్పుపత్రము వలె బయటికి తీయకుండ నుండవచ్చును.

మరి ఆ రాత్రి ఏమి చేయవలెను? ఆ సంతోషపు గడియలోనే ఇంటిలోనికి పోయి "అతుకు పనికిరాదు" అని చెప్పనక్కరలేదని నా తలంపు. కారు ఇంకను దిమ్మెల మీదనే యున్నది. తెల్లవారు వరకు ఎవరికిని అపాయము లేదు. రాత్రి మౌనముగా నుండుట వేరు, రాత్రి పని చేయుట వేరు. మౌనము ఉదయమునకు తీరిపోవును. ఆ పని తీరదు. ఆమె "ఎట్లున్నది నాన్నా?" అని సూటిగా అడిగినచో మాత్రము, "రేపు వెలుతురులో ఇద్దరము క్రిందనుండి చూతమమ్మా" అనుట సత్యమే. ఉదయమున దీపమును, చిన్న అద్దమును ఆమె చేతికే ఇచ్చి, వెనుక ప్రక్క చూడుమనవలెను. లోహము దిగినచోట వెనుక గుర్తు కనబడును, దిగనిచోట కనబడదు. దానిని తండ్రి నోట వినుటకును తన కంట కనుగొనుటకును చాల భేదమున్నది. పిమ్మట ఒక తునకను అదే వేడితో అతికి, పట్టుడులో బిగించి సుత్తితో వంచి చూపవచ్చును. అతుకు ఊడివచ్చును. వేడి పెంచి మరియొకటి అతికి వంచినచో, అతుకు నిలిచి రేకు వంగును. ఆ మీదట సిల్ మీది పాత అతుకును కోయవలసినది ఆమె చేయియే. తలుపు సందునకు అడ్డుగా ఇనుప కమ్మీ బిగించియున్నదా లేదా అని తండ్రి చూచుకొనవలెను. లేనిచో కోయునప్పుడు బాడీ క్రుంగిపోవును.

ఏడ్చునేమో. ఏడ్వనియ్యుడి. ఒక వారము షెడ్డునకు రాకపోవచ్చును. కారు ఎక్కడికిని పోదు.

అన్నిటికంటె మేలైనది పని మొదలుపెట్టినప్పుడే ఒక కట్టడి చేసికొనుట. బ్రేకులు, స్టీరింగు, సిల్‌లు, ఈ మూటిని ఎవరు చేసినను రెండవవారు చూచిన తరువాతనే రంగు వేయవలెను అని. పని స్వభావమే దీనికి దారి చూపుచున్నది. బ్రేకు గొట్టములలోని గాలిని తీయునప్పుడు ఒకరు లోపల కూర్చుండి పెడలు త్రొక్కవలెను, ఒకరు చక్రము దగ్గర చిన్న మరను వదలి బిగింపవలెను. "త్రొక్కు" అనగా త్రొక్కి పట్టవలెను. మర బిగియక ముందే కాలు తీసినచో గాలి మరల లోపలికి పోవును. ఇద్దరిలో ఎవరు పెద్ద అను ప్రశ్న అక్కడ లేదు. పెడలు కాలి క్రింద గట్టిపడినదా లేదా అన్నదే ప్రశ్న.

అయితే ఆ కట్టడి ఇద్దరికిని చెల్లవలెను. కుడి ప్రక్క సిల్‌కు వెనుక కొసన, చేయి దూరని మూలలో, తండ్రి మోకాళ్ల మీద వంగి వేసిన అతుకు కలదు. దాని మీద ఇంకను రంగు పడలేదు. అద్దము పట్టుకొని ఆ క్రిందికి దూరిన కుమార్తె, "నాన్నా, ఇక్కడ రెండంగుళముల మేర దిగలేదు" అని పిలిచినప్పుడు అతడు గ్రైండరు తీసికొనిరావలెను.