తిరిగివచ్చిన సైనికుడు

పశ్చిమగోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము చేరువనున్న మాధవరమును జనులు మిలిటరీ మాధవరమని పిలుతురు. రెండు ప్రపంచయుద్ధములకును సైనికులను పంపిన ఊరది. అట్టి ఊళ్లను మనము పొగడుదుము. కాని నలువది యేండ్లయినను నిండకమునుపే సేవ ముగించి వచ్చిన సిపాయికి పట్టణములో ఏ పని చూపుచున్నాము? తుపాకి పట్టినవాడు గనుక వాకిలి కాచునందుము. అతడు వైర్‌లెస్ నడిపినవాడైనను, యంత్రములు బాగుచేసినవాడైనను దొరకునది గుమ్మము ప్రక్క కుర్చీయే.

కేంద్రప్రభుత్వపు గ్రూపు సి ఉద్యోగములలో నూటికి 10 మాజీ సైనికులకు కేటాయింపబడినవి. దీనిని దయ యని తలచువారు విద్యావంతులలోనే పెక్కురు. దయ చేయువాని చిత్తముపై నుండును, ఋణమట్లు గాదు. 1948 నాటి టెరిటోరియల్ ఆర్మీ చట్టమునకు ఈ భేదము తెలియును. పిలుపునందుకొని సేవకు పోయినవానిని మరల పనిలోనికి తీసికొనుట యజమాని విధి యని అందున్నది.

ఇక సైనికుని భార్య. భర్తకు సెలవు దొరకినప్పుడే ఆమెకును కావలెను. అది పరీక్షల నడుమ రావచ్చును. మా బడులలో అట్టి అర్జీని చూచి విసుగుకొనని పెద్దలు అరుదు.

2022లో వచ్చిన అగ్నిపథ్ పథకము ఈ ప్రశ్నను మరింత దగ్గరకు తెచ్చినది. 4 ఏండ్ల పిదప నూటికి 25 మందికి మించి నిలుపుకొనరు. తక్కినవారు పాతికేండ్లకు అటునిటుగా, పింఛను లేక, మన కార్యాలయముల మెట్లెక్కవలసినవారే. అక్కడ నేర్చినదేమని వారినడిగి, సమాధానము తుదివరకు విను అధికారులెందరు?