తిథి చెప్పని చుట్టం

మా దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ఇళ్ళకు చుట్టాల కరువు ఎప్పుడూ లేదు. విజయవాడ బస్సు రానీండి, సూర్యాపేట బస్సు రానీండి, నల్గొండదో సాగర్‌దో రానీండి, పట్నంలో అడుగుపెట్టేది మా గుమ్మం ముందునుంచే. పిల్లాణ్ణి కోచింగ్‌లో చేర్పించాలన్నా, పెద్దాయన్ని డాక్టరుకి చూపించాలన్నా, పెళ్ళికి చీరలు కొనాలన్నా ముందు దిగేది ఇక్కడే. "ఎల్.బి.నగర్‌లో దిగాం, వచ్చేస్తున్నాం" అని ఫోను. ఆ పావుగంటలో ఇంకో గ్లాసు బియ్యం కడిగి పొయ్యిమీద పడెయ్యడం మా పేట ఆడవాళ్ళకి ఒకరు నేర్పాల్సిన విద్య కాదు.

అతిథి అంటే తిథి లేనివాడని పెద్దలు అర్థం చెబుతారు. ఫలానా రోజున వస్తానని చెప్పి రాడు, ఫలానా రోజున పోతానని చెప్పి పోడు. ఇలాంటి చుట్టాలు మనకే గాదు, ఆకాశానికీ ఉన్నారు. క్రీ.శ. 1054లో, అంటే ఇక్కడ రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు ఏలుతున్న రోజుల్లో, వృషభరాశిలో ఉన్నట్టుండి ఒక కొత్త చుక్క వెలిగింది. 23 రోజులు పట్టపగలే కనిపించిందట. రాత్రిళ్ళు దాదాపు రెండేళ్ళు ఉండి వెళ్ళిపోయింది. చైనావాళ్ళు దాన్ని "అతిథి నక్షత్రం" అని రాసుకున్నారు. తీరా చూస్తే అది కొత్తగా పుట్టిన చుక్క కాదు, ఆయుర్దాయం తీరి పేలిపోయిన నక్షత్రం.

ఇవన్నీ నాకు చెప్పింది మా ఆడపడుచు కూతురు. ఉస్మానియాలో ఖగోళశాస్త్రం మీద పరిశోధన చేస్తోంది. ఉండేది హాస్టల్లో. ఆదివారం పూట మా ఇంటికొచ్చి పప్పుచారు పోసుకుని తింటూ నక్షత్రాల సంగతులు చెబుతుంది.

ఆకాశపు చుట్టాల్లో కొందరు నెలల తరబడి ఉంటారు, కొందరు గంటల్లో, కొందరు సెకన్లలో వెళ్ళిపోతారు. కాబట్టి ఒకరు చూడగానే ఊరందరికీ కబురు పెట్టాలి. పైగా ఒక్క టెలిస్కోపుతో అయ్యే మర్యాద కాదిది. చూస్తూ చూస్తూ ఉండగానే తెల్లవారిపోతుంది. భూమి తిరుగుతూనే ఉంటుంది కనక, మనకు తెల్లారేసరికి ఇంకా చీకట్లో ఉన్న దేశంవాళ్ళు అందుకోవాలి. వాళ్ళకి మబ్బుపడితే ఇంకొకరు.

2017 ఆగస్టు 17న మనకి సాయంత్రం ఆరు దాటాక ఇలాంటి కబురే ఒకటి వచ్చింది. 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఎప్పుడో ఢీకొన్నాయి. ఆ అదురు ఆ సాయంత్రం మనదాకా చేరింది. అమెరికాలోని లైగో పరికరాలు దాన్ని పసిగట్టాయి. 1.7 సెకన్ల తరవాత ఫెర్మీ ఉపగ్రహం గామా కిరణాల మెరుపును చూసింది. ఇటలీలోని విర్గో కూడా తోడై ఏ దిక్కునో తేల్చాయి. కానీ ఆ దిక్కును వెతకాలంటే చిలీలో పొద్దుగుంకాలి. మొత్తంమీద దాదాపు 11 గంటల తరవాత, చిలీలోని స్వోప్ టెలిస్కోపు ఎన్.జి.సి. 4993 అనే గెలాక్సీలో ఆ కొత్త చుక్కను పట్టుకుంది. దాని అద్దం వెడల్పు 1 మీటరే! ఆ తరవాత ఓ 70 వేధశాలలు ఒకరి తరవాత ఒకరు దాన్ని కనిపెట్టి చూశాయి. మన పుణె దగ్గరి జి.ఎం.ఆర్.టి. రేడియో టెలిస్కోపు కూడా అటు చూసింది. తొలిరోజు నీలంగా ఉన్న వెలుగు కొద్దిరోజుల్లోనే ఎర్రబడి మాసిపోయింది. బంగారం, ప్లాటినం లాంటి బరువైన లోహాలు ఇలాంటి ఢీకొనడంలో తయారవుతాయనడానికి సాక్ష్యం దొరికింది. మన మెళ్ళో పుస్తెల వెనక ఇంత కథ ఉంది! ఆ చుట్టం గురించి అందరూ కలిసి రాసిన పత్రం మీద 3 వేలమందికి పైగా పేర్లున్నాయి.

మనవాళ్ళూ ఇందులో తక్కువేమీ తినలేదు. లద్దాఖ్‌లోని హాన్లేలో 2018లో పెట్టిన గ్రోత్ ఇండియా టెలిస్కోపు ఇలాంటి అతిథులకోసం కాచుకునేదే. హాన్లే, మా ఎల్.బి.నగర్ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. మా వీధిలో అర్ధరాత్రి అయితే అక్కడా అర్ధరాత్రే. జపాన్‌లో తెల్లవారబోతూ, యూరపులో ఇంకా పూర్తిగా చీకటి పడని ఆ నడిమి గంటలు మన వంతు.

సరే, అసలు సంగతికొస్తాను. మా అమ్మాయికి ఒక పెద్ద టెలిస్కోపు మీద రెండు రాత్రులు ఇచ్చారు. దరఖాస్తు పెట్టి, ఎందుకు కావాలో పేజీలు పేజీలు రాసి, ఆర్నెల్లు ఎదురుచూస్తే వచ్చిన రాత్రులు. రెండో రాత్రి సగంలో ఉండగా, ఎక్కడో నక్షత్రం పేలిందనీ టెలిస్కోపు అటు తిప్పాలనీ కబురొచ్చింది. తిప్పేశారు. మిగిలిన రాత్రి వేరేవాళ్ళకి పోయింది.

"నీకు కోపం రాలేదుటే?" అన్నాను.

"రాకేం అత్తయ్యా, వచ్చింది. కానీ నా నక్షత్రం వచ్చే ఏడూ అక్కడే ఉంటుంది. అది ఉండదుగా" అంది.

ఎంత మంచి పిల్ల అని మురిసిపోయాను. కానీ అది మంచితనం ఒక్కటే కాదని తరవాతి మాటల్లో తెలిసింది. ఎలాంటి అతిథి వస్తే టెలిస్కోపు తిప్పాలో, ఒకరి రాత్రిలోంచి ఎన్ని గంటలు తీసుకోవచ్చో ముందే రాసిపెట్టుకుంటారట. కొన్నిచోట్ల పోయిన గంటలు మళ్ళీ ఇస్తారు. కొన్నిచోట్ల, రాత్రి వదులుకున్నవారి పేరు కూడా ఆ పత్రంలో చేరుస్తారు. ఈమెకు గంటలు తిరిగొచ్చాయి. అన్నిటికన్నా ముఖ్యం, రేపు ఈమెకే అవసరం పడితే ఇంకెవరో పక్కకి జరుగుతారు, వాళ్ళు పెద్ద ప్రొఫెసరైనా సరే.

ఇది విన్న దగ్గర్నుంచీ నాకు మా పక్క వాటాలో కోడలు గుర్తొస్తోంది. టీచరు ఉద్యోగం పరీక్షకు చదువుకునేది. ఇంకా మూడు వారాలుందనగా ఊరినుంచి చుట్టాలొచ్చారు. పెద్దావిడకి ఆపరేషను. వాళ్ళని తప్పు పట్టడానికి లేదు, కష్టంలో ఉన్నవాళ్ళు మనింటికి రాక ఎక్కడికి పోతారు? పన్నెండు రోజులున్నారు. ఆ ఇంట్లో మరిది కంప్యూటరు బల్ల కదల్లేదు. మామగారి టీవీ ముందు పడక్కుర్చీ కదల్లేదు. ఈ పిల్ల చదువుకునే మడతబల్ల మాత్రం మడతపెట్టి గోడకు చేర్చారు. ఆస్పత్రికి క్యారేజీలు, ఇంట్లో కాఫీలు, రాత్రి పదకొండింటికి అంట్లు. పరీక్ష రాసింది, రాలేదు. చుట్టాలవల్లే రాలేదని నేననను. కానీ ఆ పన్నెండు రోజులూ ఎవరి లెక్కలోకీ రాలేదు. "చదివింది గానీ పాపం, తెచ్చుకోలేకపోయింది" అన్నారంతే.

అతిథి వచ్చినప్పుడు ఎవరో ఒకరు పక్కకు జరగాల్సిందే. ఆకాశంలో అయినా, అపార్టుమెంటులో అయినా. నన్ను తొలిచేది, జరిగేది ఎవరన్నది. వంతులవారీగా అందరూ జరిగితే దాన్ని ధర్మం అనొచ్చు. ప్రతిసారీ ఒక్కరే జరిగితే, ఆ మనిషికది అలవాటనీ, ఇంకా పోతే స్వభావమనీ చెప్పుకుంటాం. "మా కోడలు బంగారం, కిమ్మనదు" అంటాం.

మా అత్తగారు ఇది విని నొచ్చుకున్నారు. "ఇంట్లో కూడా లెక్కలేమిటే? లెక్కలొచ్చాక ఆప్యాయత ఎక్కడుంటుంది?" అన్నారు. కొట్టిపారేసే మాట కాదు. అన్నం పెట్టి చీటీ రాసుకునేవాళ్ళ ఇంట మనం మంచినీళ్ళయినా తాగం. కానీ మా అమ్మాయి ఆ రాత్రి మనసులో ముల్లు లేకుండా లేవగలిగిందంటే, తను వదులుకున్నదాన్ని ఒకరు గుర్తు పెట్టుకుంటారన్న ధీమా ఉండబట్టే. అది లేకుండా ఇచ్చుకుంటూ పోయినవాళ్ళ మనసులో ఏముందో మనకి తెలీదు. వాళ్ళు చెప్పరు, మనం అడగం.

లెక్క తప్పిపోవడం ఆకాశం చూసేవాళ్ళలోనూ జరిగింది. 1887లో పారిస్‌లో శాస్త్రజ్ఞులు సమావేశమై మొత్తం ఆకాశానికి ఫోటోలతో పటం గీయాలనుకున్నారు. దేశదేశాల వేధశాలలు తలో ముక్కా పంచుకున్నాయి. చిలీలోని శాంటియాగో పూర్తిచేయలేకపోయిన ముక్కను అందుకుని ముగించింది ఎవరనుకున్నారు? మన హైదరాబాదు నిజామియా వేధశాల! నవాబ్ జఫర్ జంగ్ మొదట ఫిసల్‌బండలో పెట్టారు దాన్ని. మా పేటకి అదేమంత దూరం కాదు. తరవాత బేగంపేటకు మారింది. జర్మనీలోని పోట్స్‌డామ్ వదిలేసిన దాంట్లో కొంత కూడా మనవాళ్ళే చేశారు. అదే పటంలో వాటికన్ వంతు ఫోటోల మీద సుమారు 4 లక్షల 80 వేల చుక్కల స్థానాలు 1910 నుంచి 1921 దాకా కూర్చుని కొలిచింది నలుగురు సన్యాసినులు. ఎమీలియా పొంజోనీ, రెజీనా కొలంబో, కొంచెత్తా ఫినార్డీ, లూయీజియా పాంచేరీ. ఈ పేర్లు లోకానికి తెలిసింది 2016లో! పటం వందేళ్ళనాడే వాళ్ళ లెక్కలు వాడుకుంది. వాళ్ళు ఫలానా అని చెప్పడానికే ఇన్నాళ్ళు పట్టింది.

మా ఎల్.బి.నగర్‌నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం దాటి వెళితే జపాల్–రంగాపూర్ వస్తుంది. 1968లో ఉస్మానియావాళ్ళు అక్కడ 48 అంగుళాల టెలిస్కోపు పెట్టారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడినుంచే చూశారు. గ్రహణం బుద్ధిమంతురాలైన చుట్టం, అమావాస్య తిథినే వస్తుంది, గంటా నిమిషం ముందే పంచాంగంలో చెబుతుంది. దానికి ఏర్పాట్లు చేసుకోవడం తేలిక. మన పద్ధతి బయటపడేది చెప్పకుండా వచ్చినవాళ్ళ దగ్గరే. అప్పటికప్పుడు ఆలోచిస్తే, ఎవరు నోరెత్తరో వాళ్ళ బల్లే మడతపడుతుంది. అందుకే ఆ శాస్త్రజ్ఞులు అతిథి రాకముందే నియమం రాసుకుంటారు.

మన ఇళ్ళకి అంత రాతకోతలు అక్కర్లేదు. ఇంట్లో అందరూ స్థిమితంగా ఉన్న ఒక సాయంత్రం చూసి, పోయినసారి ఎవరి పని ఆగింది, ఆ ఆగిన పనికి మళ్ళీ వేళ దొరికిందా, ఈసారి ఎవరు జరగాలి అని ఒక్కమాట అనుకుంటే చాలు. మరి మీ ఇంట్లో పోయినసారి జరిగింది ఎవరండీ? మీరే అయితే సరే, మీకు గుర్తుంటుంది. ఇంకొకరైతే మాత్రం, కాస్త ఆలోచించి చెప్పండి.