అర్హత అంటే ఎవరి కొలత?

2022 జూన్‌లో ద్రౌపది ముర్ము గారి పేరును రాష్ట్రపతి అభ్యర్థిగా ప్రకటించినప్పటి నుంచి మన గూడేల్లో, సంతల్లో, బడి స్టాఫ్ రూముల్లో ఒకటే చర్చ నడిచింది. ఆమె ఆ పదవికి అర్హురాలా, కాదా? ఎన్నిక అయిపోయింది, ఆమె గెలిచారు. అయినా ఆ ప్రశ్న పాతబడలేదు. సర్పంచ్ ఎన్నిక వచ్చినా, ఎంపీటీసీ ఎన్నిక వచ్చినా మనవాళ్ల పేరు వినపడగానే అదే ప్రశ్న వేరే గొంతుతో లేస్తుంది. అందుకే దాన్ని ఒకసారి నింపాదిగా పరిశీలించాలి.

రాష్ట్రపతి ఎన్నికలో మనకు నేరుగా ఓటు లేదు. రాజ్యాంగం 54వ అధికరణ ప్రకారం పార్లమెంటుకు, శాసనసభలకు ఎన్నికైన సభ్యులే ఓటు వేస్తారు. ఆ ఎన్నికలో ఎంపీ ఓటు విలువ 700. ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణ ఎమ్మెల్యేది 132. అయితే ఆ ఎమ్మెల్యేలను గెలిపించింది మన ఓటే. తెలంగాణలో 12, ఆంధ్రప్రదేశ్‌లో 7 శాసనసభ స్థానాలు ఎస్టీలకు కేటాయించినవి. చివరి ఓటు మన చేతిలో లేకపోయినా, అడిగే హక్కు మనకు ఉంది.

అప్పట్లో మేము విన్న మాటలు ముఖ్యంగా రెండు రకాలు. "ఆమెకు ఢిల్లీ అనుభవం ఏముంది? ఆదివాసీ మహిళ అని పెట్టారు గానీ, చెప్పిన చోట సంతకం పెట్టడమే ఆమె పని" అని కొందరు అన్నారు. "మన మనిషి అంత పైకి వెళ్తుంటే అడ్డు ప్రశ్నలు ఎందుకు? ఆదివాసీ కావడమే చాలు" అని మరికొందరు అన్నారు. ఈ ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకున్నారు. నిజానికి ఇద్దరూ చేసింది ఒకటే. ఆమె ఏం చేశారో చూడకుండా, ఆమె ఎవరో మాత్రమే చూశారు.

ముందు చట్టం సంగతి. 58వ అధికరణ అడిగేవి కొన్నే. భారత పౌరులై ఉండాలి. 35 ఏళ్లు నిండాలి. లోక్‌సభకు పోటీ చేసే అర్హత ఉండాలి. ప్రభుత్వంలో లాభదాయక పదవిలో ఉండకూడదు. ఇంత డిగ్రీ ఉండాలని, ఇంత భాష రావాలని రాజ్యాంగం రాసినవారు రాయలేదు. ఆ తలుపును పెద్దదిగా తెరిచే ఉంచారు. కాబట్టి చట్టం ముందు ఆమె అర్హతను ప్రశ్నించడానికి ఏమీ లేదు.

ఇక అనుభవం. ఆమె 1958లో ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లా ఉపర్‌బెడా గ్రామంలో సంతాల్ కుటుంబంలో పుట్టారు. నీటిపారుదల శాఖలో జూనియర్ అసిస్టెంటుగా పనిచేశారు. రాయ్‌రంగ్‌పూర్‌లో మనలాగే పిల్లలకు పాఠాలు చెప్పారు. 1997లో అక్కడి నగర పంచాయతీ కౌన్సిలర్ అయ్యారు. 2000లో, 2004లో ఎమ్మెల్యేగా గెలిచారు, మంత్రిగా చేశారు. 2015 నుంచి 2021 వరకు జార్ఖండ్ గవర్నర్‌గా ఉన్నారు. ఎదుట నిలబడిన యశ్వంత్ సిన్హా గారు ఐఏఎస్ అధికారిగా, కేంద్ర ఆర్థిక మంత్రిగా, విదేశాంగ మంత్రిగా పనిచేసినవారు. ఢిల్లీ అనుభవమే కొలత అయితే ఆయన తూకం ఎక్కువే. వార్డు నుంచి రాజ్‌భవన్ దాకా ఒక్కో మెట్టూ ఎక్కడం కూడా అనుభవమే అయితే ఆమెకు లోటు లేదు. ఏ అనుభవాన్ని అనుభవంగా లెక్కపెడతామన్నదే అసలు తగాదా. నీళ్ల కోసం, పట్టా కోసం ఆఫీసు చుట్టూ తిరిగే మనిషి బాధ తెలియడం ఏ బయోడేటాలోనూ ఎక్కదు. ఎక్కనంత మాత్రాన అది జ్ఞానం కాకుండా పోదు.

అనుభవం ఉంటే చాలు, ఎవరినైనా గెలిపిస్తారన్న మాట కూడా నిజం కాదు. 2012లో మేఘాలయకు చెందిన గారో ఆదివాసీ నాయకుడు పి.ఎ. సంగ్మా రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. లోక్‌సభ స్పీకర్‌గా పనిచేసిన ఆయనకు ఢిల్లీ కొత్త అని ఎవరూ అనలేరు. అయినా ప్రణబ్ ముఖర్జీ చేతిలో పెద్ద తేడాతో ఓడిపోయారు. అక్కడ పనిచేసింది పార్టీల లెక్క. 2022లో ముర్ము గారిని గెలిపించినదీ పార్టీల లెక్కే. గెలుపు అర్హతకు రుజువు కాదు, ఓటమి అనర్హతకు రుజువు కాదు. ఈ మాట మన యువత గుర్తుపెట్టుకోవాలి.

మరి చదువో? 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ పత్రం మీద సంతకం చేసిన ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ కేంబ్రిడ్జ్‌లో చదివినవారు. 1997లో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టాలని కేంద్ర మంత్రివర్గం సిఫారసు చేస్తే, మళ్లీ ఆలోచించండని తిప్పిపంపిన కె.ఆర్. నారాయణన్ లండన్‌లో చదివినవారు. ఇద్దరికీ పెద్ద చదువులున్నాయి. తేడా వచ్చింది సంతకం పెట్టాల్సిన ఘడియలో.

ఆ పదవి అసలు పని ఏమిటో తెలిస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. 74వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి మంత్రివర్గం సలహా మేరకే నడుచుకోవాలి. అయితే ఆ సలహాను ఒకసారి పునరాలోచనకు పంపవచ్చు. 111వ అధికరణ ప్రకారం ద్రవ్య బిల్లు కాని బిల్లును ఒకసారి పార్లమెంటుకు తిప్పిపంపవచ్చు. రెండోసారి వస్తే ఒప్పుకోక తప్పదు. అంటే ఆ కుర్చీలో ఉన్నవారికి రాజ్యాంగం ఇచ్చిన బలం "ఆగండి, మళ్లీ చూడండి" అనే ఒక్క మాట. మనకు సంబంధించి మరో పని కూడా ఉంది. ఐదో షెడ్యూల్ ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన మీద గవర్నర్లు ఏటా రాష్ట్రపతికి నివేదిక పంపాలి. రాష్ట్రపతి ఎప్పుడు అడిగినా పంపాలి. ఏది షెడ్యూల్డ్ ప్రాంతమో ప్రకటించేదీ రాష్ట్రపతి ఉత్తర్వే. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఇది: ఆగండి అనాల్సిన చోట ఈ మనిషి అనగలరా?

దీనికి జవాబు ఊహలో వెతకనక్కర లేదు, చేసిన పనిలో దొరుకుతుంది. ఆదివాసుల భూమిని కాపాడే 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టాన్ని, 1949 నాటి సంతాల్ పరగణాల కౌలు చట్టాన్ని సవరిస్తూ 2016లో జార్ఖండ్ శాసనసభ బిల్లులు చేసింది. మనకు 1/70 చట్టం ఎలాంటిదో వాళ్లకు ఆ చట్టాలు అలాంటివి. ఆదివాసులు రోడ్డెక్కారు. 2017లో గవర్నర్‌గా ఉన్న ముర్ము గారు ఆ బిల్లులను తిప్పిపంపారు. అక్కడున్నది ఆమె వచ్చిన పార్టీ ప్రభుత్వమే. చెప్పిన చోట సంతకం పెడతారన్న వారు ఈ సంగతి చూడలేదు.

అదే కొలతను ఈ వైపూ పెట్టాలి. 2023లో అటవీ సంరక్షణ చట్టానికి సవరణ వచ్చింది. అడవి భూమిని ఇతర పనులకు మళ్లించడం సులువవుతుందని, గ్రామసభ మాట బలహీనపడుతుందని ఎన్నో ఆదివాసీ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఆగస్టులో ఆ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. ఒకసారి తిప్పిపంపే వీలు రాజ్యాంగంలో ఉంది. జార్ఖండ్‌లో అన్న మాట ఢిల్లీలో ఎందుకు వినపడలేదని మనం అడగవచ్చు, అడగాలి.

ఇక్కడే కొందరు మిత్రులు అడ్డుపడతారు. "మనవాళ్లను మనమే ప్రశ్నిస్తే పరాయివాళ్లకు బలం ఇచ్చినట్టు కాదా?" ఇది తేలిగ్గా కొట్టేసే మాట కాదు. ఎన్నో తరాలు మన మాట వినేవారు లేక, ఉన్న ఒక్కరినీ కాపాడుకోవాలన్న భయంలోంచి వచ్చిన మాట. కానీ ఆదిలాబాద్ గోండుల రాయి సెంటర్‌ను చూడండి. అక్కడ సార్మెడి తీర్పు చెప్పే పెద్ద. ఆయన మీద గౌరవం ఉంటుంది, కాబట్టే ఆయన రెండు వైపులా వినాలని అందరూ ఆశిస్తారు. ఎవరి నుంచి ఏమీ ఆశించమో వారినే ప్రశ్నించకుండా వదిలేస్తాం. మనవాళ్లకు ప్రశ్న వద్దనడం, వాళ్ల నుంచి ఎక్కువ ఆశించలేమని ఒప్పుకోవడమే. అవతలివాళ్లు చూపే చిన్నచూపుకూ దానికీ తేడా కొంచెమే.

అలాగని గర్వం తప్పు కాదు. మన ఆశ్రమ పాఠశాలలో చదివే అమ్మాయి గోడ మీది రాష్ట్రపతి ఫొటోలో తన లాంటి ముఖాన్ని చూడటం చిన్న విషయం కాదు. అయితే ముఖం ఒక్కటే సరిపోదని ఉపర్‌బెడా ఊరే చెబుతుంది. ఆ ఊరికి చెందిన ఒక చిన్న పల్లెకు కరెంటు లేదన్న సంగతి ఆమె అభ్యర్థి అయ్యాక పత్రికలకెక్కింది. ఆ తర్వాతే హడావుడిగా స్తంభాలు వేశారు. ఒక మనిషి పైకి వెళ్తే ఒక పల్లెకు దీపం వచ్చింది. రాష్ట్రపతి పుట్టని పల్లెల సంగతేమిటి? ఆ ప్రశ్నకు జవాబు ముఖంలో లేదు, పనిలో ఉంది.

టీచర్ మిత్రులారా, ఈ చర్చను తరగతి గదిలోకి తీసుకురండి. ఏ పార్టీ మంచిదో మనం చెప్పక్కర్లేదు. సర్పంచ్ నుంచి రాష్ట్రపతి దాకా ఎవరి పేరు వచ్చినా మూడు ప్రశ్నలు అడగడం నేర్పితే చాలు. ఈ పదవి చేయాల్సిన పని ఏమిటి? అలాంటి పని ఎదురైన రోజు ఈ మనిషి ఏం చేశారు? ఇదే ప్రశ్నను మిగతా అభ్యర్థులనూ అడిగామా? మూడోది మరిచిపోతే మొదటి రెండూ న్యాయం తప్పుతాయి. మనవాళ్లకు ఒక తూకం, ఇతరులకు మరో తూకం వాడే సంతలో ఎన్నాళ్లుగానో మోసపోతున్నాం. తక్కెడ మన చేతికి వచ్చిన రోజున మనం అదే పని చేయకూడదు.