జారే చక్రానికి సగం వాటా

సగం సగం పంచితే న్యాయం జరిగినట్టేనా? ఆస్తి దగ్గర, ఇంటిపని దగ్గర, చట్టసభల్లో సీట్ల దగ్గర ఈ ప్రశ్న మనం ఎన్నిసార్లు అడుక్కున్నామో లెక్కలేదు. ఈసారి నాకది ఒక కారు వెనక ఇరుసులోంచి వచ్చింది. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన మనిషికి ఇరుసులతో ఏం పని అని అడిగేవాళ్లు అడుగుతారు. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను.

మా పెద్దమ్మ కూతురు హ్యూస్టన్‌లో ఉంటుంది. కోఠీ ఉమెన్స్ కాలేజీలో (ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరుతో విశ్వవిద్యాలయం అయింది) బీఎస్సీ ఫిజిక్స్ చదివింది. రెండేళ్ల కింద 1992 నాటి పాత మాజ్దా మియాటా కొనుక్కుంది. రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. ఇంజను ముందు, బండిని నెట్టే చక్రాలు వెనక. కొన్న వెంటనే ఆమె చేసిన పని, వెనక ఇరుసులోని మామూలు డిఫరెన్షియల్ తీసేసి, 1994 నుంచి వచ్చిన 1.8 లీటర్ల మోడల్‌లోని టోర్సెన్ అనే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వేయించడం. అదొక్కటే మారిస్తే కుదరదట. చక్రాలకు పోయే షాఫ్టులూ, ముందు నుంచి వచ్చే పొడవాటి షాఫ్టూ కూడా ఆ మోడల్‌వే కావాలి. "ఆ పైసలతోని రెండు గాజులు రాకపోవునా?" అని పెద్దమ్మ బాధ. గాజులు కూతురి సొంతం అవుతాయి, కారు కాదు అని ఆమె లెక్క. ఇక్కడ తరాల తేడా ఉంది కానీ, ఆడపిల్లకి తనదంటూ ఒకటి ఉండాలన్న ఆరాటం ఇద్దరిదీ ఒకటే.

డిఫరెన్షియల్ ఎందుకు కావాలి? బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. రెండిటినీ ఒకే కడ్డీకి బిగిస్తే ఏదో ఒకటి రోడ్డు మీద ఈడ్చుకుంటూ అరిగిపోతుంది. 1820ల చివర్లో పెక్యూర్ అనే ఫ్రెంచి గడియారాల పనివాడు ఆవిరిబండి కోసం దీనికొక ఉపాయం కట్టాడు. రెండు చక్రాలకూ బలం అందాలి, ఎవరి వేగం వాళ్లకుండాలి.

పాత పత్రికల కోసం సుల్తాన్ బజార్‌లో 1901 నుంచి ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి వెళ్తుంటాను. ఒకరోజు అక్కణ్నుంచి పుత్లీబౌలి దాకా నడిచి, విప్పేసిన ఆటో డిఫరెన్షియల్ ముందేసుకుని కూర్చున్న మేస్త్రీని దాని సంగతి అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, పెద్ద పళ్లచక్రాన్ని కదలకుండా పట్టుకుని, "ఇటుదిక్కు తిప్పండ్రి మేడమ్" అన్నాడు. నేను ఒక కొస తిప్పితే రెండో కొస ఉల్టా తిరిగింది. ఒకటి ఎంత ముందుకి పోతే రెండోది అంత వెనక్కి. పుస్తకాల్లో బొమ్మలు చూసి అర్థంకానిది చేతికి అర్థమైంది.

ఇందులో ఉన్న మెలిక మాత్రం అక్క ఫోన్‌లో చెబితేనే తెలిసింది. మామూలు డిఫరెన్షియల్ వేగాన్ని ఎలాగైనా పంచుకోనిస్తుంది. బలాన్ని మాత్రం ఎప్పుడూ సగం సగమే పంచుతుంది. వానాకాలంలో సుల్తాన్ బజార్ సందుల్లో ఆటో వెనక చక్రం ఒకటి బురదగుంటలో పడి గిరగిరా తిరగడం మనం చూసిందే. రెండో చక్రం పొడి రోడ్డు మీద కదలకుండా నిలబడి ఉంటుంది. బలమంతా తిరిగే చక్రానికే పోతోందని అందరం అనుకుంటాం. అది తప్పు. బురదలో ఉన్న చక్రం ఎంత బలాన్ని నేలకి ఆనించగలదో అంతే దానికి అందుతుంది. సమానంగా పంచాలి కాబట్టి, పొడి నేల మీదున్న దానికీ అంతే అందుతుంది. ఎక్కువగా దక్కేది తిరుగుడు ఒక్కటే.

ఆ చక్రాన్ని తలుచుకున్నప్పుడల్లా ఇళ్లలో ఆడవాళ్లు గుర్తొస్తారు. ఇంట్లో అందరికంటే ఎక్కువ తిరిగేది వాళ్లే, బండి కదలకపోతే మాట పడేదీ వాళ్లే. కాళ్లకింద నేల ఎలాంటిదో ఎవరూ వంగి చూడరు.

మా అమ్మది 1984లో పెళ్లి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు ఇస్తూ 1986లో చట్టం తెచ్చింది, అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్లయిన వాళ్లకి వర్తించదు కాబట్టి అమ్మకి రాలేదు. 2005లో కేంద్ర చట్టం ఆ అడ్డు తీసేసింది. తండ్రి అప్పటికి బతికి ఉన్నా లేకున్నా కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. కాగితం మీద అమ్మా, ఇద్దరు మామయ్యలూ సమానం. 2012లో సూర్యాపేట దగ్గరి పొలం పంపకాలప్పుడు ఆమె తన వాటా వదులుకుంటున్నట్టు సంతకం పెట్టింది. ఎవరూ బలవంతం చేయలేదు. "రేపు నాకేమన్నయితే తల్లిగారింటి గడప ఎక్కొద్దా?" అంది. చట్టం ఆమెకు సరిగ్గా సగం బలం పంపింది. ఆమె నిలబడ్డ చోటు దాన్ని ఆనుకోనివ్వలేదు. స్వేచ్ఛగా చేసిన సంతకం అని మామయ్యలు ఇప్పటికీ అంటారు, అది అబద్ధమూ కాదు. సంతకం వెనక ఉన్న భయానికి కాగితంలో గడి లేదు, అంతే.

లిమిటెడ్ స్లిప్ సంగతి మొదట విన్నప్పుడు నాకు సంబరమే కలిగింది. 1930ల్లో ఆటో యూనియన్ రేసు కార్లలో ఒక చక్రం ఊరికే గిర్రున తిరిగిపోవడం వల్లే ఈ ఆలోచన ముందుకొచ్చిందట. కొన్నిట్లో క్లచ్ పలకలుంటాయి, టోర్సెన్‌లో మెలికపళ్ల చక్రాలుంటాయి. ఏదైనా, రెండు చక్రాల వేగాల మధ్య తేడా హద్దు మీరకుండా ఆపి, బలాన్ని అవసరమైన చోటికి మళ్లిస్తుంది. ఇదే కదా మనం అడిగే వాస్తవ సమానత్వం, లెక్కకి సమానంగా పంచడం దాటి నేలను చూసి పంచడం అనుకున్నాను. ఒక సెమినార్ పేపర్‌కి శీర్షిక కూడా తట్టింది.

అక్క నవ్వింది. "ఎవరికి ఎక్కువ ఇస్తుందో చూసినవా? జారే చక్రానికి కాదు. పట్టున్న దానికి."

పేపర్ అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే ఆ వాదన నేను అంతకుముందే, మా పెద్దమామయ్య నోట విన్నాను. "నిలదొక్కుకున్నోని చేతుల వెడ్తె ఇల్లు ముందట వడ్తది" అన్నాడాయన. పితృస్వామ్య కుటుంబం మొదట్నుంచీ నడిపింది లిమిటెడ్ స్లిప్ ఇరుసునే. కొడుక్కి నేల ఉంది, బడి ఉంది, ఊళ్లో మాట చెల్లుబాటు ఉంది. ఉన్నవాడికే ఇంకా ఇస్తే అందరూ కదులుతారు. కారు విషయంలో ఇందులో అన్యాయమేమీ లేదు. రెండు చక్రాలూ ఒకే బండికి బిగించి ఉన్నాయి, పట్టున్నది నెడితే జారేది కూడా బురదలోంచి బయటపడుతుంది. అమ్మ సంతకం తర్వాత కదిలిన బండి వెనక ఆమె లేదు. పెళ్లితో ఆమెను ఆ ఇరుసు నుంచి విప్పేశారు. ఉమ్మడి ప్రయోజనం అని ఎవరైనా అన్నప్పుడు, మన చక్రం ఆ బండికింకా బిగించి ఉందా అని ముందు చూసుకోవాలి.

రెండు చక్రాలనీ ఒకటిగా బిగించేస్తే? ట్రాక్టర్లకి ఆ ఏర్పాటుంది. నాట్లకు ముందు బురద పొలంలో ఒక చక్రం కూరుకుపోతే డ్రైవరు కాలితో డిఫరెన్షియల్ లాక్ తొక్కుతాడు. రెండూ ఒక్కటై బయటికొస్తాయి. గట్టు దగ్గర తిప్పే ముందు అది వదలకపోతే మాత్రం ట్రాక్టర్ సరిగా తిరగదు, లోపలి పళ్లు విరిగే ప్రమాదం కూడా ఉంది. ఆడా మగా అచ్చం ఒకటే అని వాదించాల్సిన సమయాలుంటాయి, ఉండవలసిందే. ప్రసవం, పాలివ్వడం, ముసలివాళ్లను చూసుకోవడం లాంటి మలుపుల్లో ఆ లాక్ విప్పాలి. సమానత్వమా, భిన్నత్వమా అని ఒకటి ఎంచుకోమనడమే ఉచ్చు అని జోన్ స్కాట్ 1988లో రాసిన వ్యాసం మనలో చాలామందికి పాఠ్యాంశం. నాకది ట్రాక్టర్ దగ్గరే బాగా అర్థమైంది.

టోర్సెన్‌లో ఇంకో సంగతుంది, నన్ను ఇప్పటికీ వదలనిది. 1950ల్లో వెర్నన్ గ్లీస్‌మన్ అనే అమెరికన్ కనిపెట్టిన ఈ యంత్రం జారే చక్రానికి ఎంత పట్టు ఉందో దాన్ని కొన్ని రెట్లు చేసి రెండో చక్రానికి ఇస్తుంది. రెండున్నర రెట్లు అనుకుందాం. జారేది నలభై పాళ్లు ఆనించగలిగితే రెండోదానికి వంద దాకా అందుతుంది. జారేది పూర్తిగా గాల్లోకి లేచిందా, సున్నాని ఎన్ని రెట్లు చేసినా సున్నాయే, అంత ఖరీదైన ఇరుసు కూడా మామూలుదానిలాగే చతికిలబడుతుంది. అప్పుడు డ్రైవర్లు కొద్దిగా బ్రేకు అదుముతారట, గాల్లో చక్రానికి ఏదో ఒక పట్టు దొరకాలని. అంటే బలమైన చక్రం నెట్టే నెట్టుడంతా బలహీనమైన చక్రానికి మిగిలిన ఆ కాస్త పట్టు మీదే నిలిచి ఉంది. మామయ్యల పంటల్లో, వాళ్ల పిల్లల ఫీజుల్లో అమ్మ వదిలేసిన వాటా ఎన్ని రెట్లయిందో ఎవరూ లెక్క కట్టలేదు. ఆమె మాత్రం ఏడాదికో చీర తెచ్చుకుంటుంది.

ఈ మధ్య నాన్న తన రెండెకరాలు నాకూ తమ్ముడికీ చెరి సగం రాస్తానన్నాడు. తమ్ముడికి అభ్యంతరం లేదు, వాడు మంచివాడే. ముందు పట్టాదారు పాస్‌పుస్తకంలో అమ్మ పేరు ఎక్కించు, మా వాటాల మాట తర్వాత చూద్దాం అన్నాను. అమ్మ నాకేసి కోపంగా చూసింది, ఈ వయసులో నాకెందుకే అంది. నాన్న ఇంకా ఏమీ అనలేదు.